వీధి ఫోటోకి ఎంత దూరంలో నిలబడాలి?

వీధి ఫోటోగ్రఫీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తీసిన ఓ వంద ఫోటోలు పరిచి చూడండి. ఎక్కువగా కనిపించేవి వీపులు. ఆ తర్వాత రోడ్డు అవతలి నుంచి జూమ్ చేసి లాగిన ముఖాలు. వెలుతురు బాగానే ఉంటుంది, కెమెరా కూడా తన పని తాను చేసే ఉంటుంది. అయినా చూసేవాళ్లకి ఆ వీధిలో నిలబడ్డట్టు అనిపించదు. తీసినవాళ్లు భయపడి ఆమడ దూరంలో ఆగిపోయారు. ఆ దూరమే ఫోటోలో పడింది.

అందుకే ఇక్కడ ప్రతిదీ దూరం నుంచే మొదలుపెడుతున్నాం. ఏ లెన్స్ వాడాలి, ఫోకస్ ఎక్కడ పెట్టాలి, ఎదుటి మనిషితో ఎలా మసలుకోవాలి, ఇంటికొచ్చాక ఏ ఫోటో ఉంచుకోవాలి, ఇవన్నీ మీరు మనిషికి ఎంత దగ్గరగా వెళ్లదలచుకున్నారన్న దాని మీదే ఆధారపడతాయి. మీదైన ముద్ర అంటారే, దాని వేళ్లు కూడా అక్కడే ఉన్నాయి.

ఒక్క లెన్స్, కనీసం నెల రోజులు

ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) అయితే 28 లేదా 35 ఎం.ఎం., అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్నదైతే 18 లేదా 23 ఎం.ఎం. లెన్స్ తీసుకోండి. ఎం.ఎం. అంకె తగ్గేకొద్దీ ఫ్రేమ్‌లో ఎక్కువ పడుతుంది. మీ దగ్గర జూమ్ లెన్సే ఉంటే దాన్ని ఆ గుర్తు దగ్గర పెట్టి రింగ్ మీద టేపు అంటించేయండి. ఫోన్ ప్రధాన కెమెరా మామూలుగా 24 నుంచి 28 ఎం.ఎం. లెన్స్ చూసినంత మేరే చూస్తుంది కాబట్టి ఫోన్ ఉన్నవాళ్లకి వేరే ఏమీ అక్కర్లేదు. రెండు వేళ్లతో జూమ్ చేసే అలవాటు మానుకుంటే చాలు. జపాన్ ఫోటోగ్రాఫర్ దైదో మొరియామా ఏళ్ల తరబడి వాడిన చిన్న రికో జీఆర్ కెమెరాల్లో జూమ్ ఉండదు.

లెన్స్ మారకపోతే కొన్ని వారాల్లోనే, కెమెరా ఎత్తకముందే ఫ్రేమ్‌లో ఏం పడుతుందో కళ్లకి తెలిసిపోతుంది. దీని వెనక ఉన్నది చిన్న లెక్క. ఫుల్ ఫ్రేమ్‌లో 28 ఎం.ఎం. లెన్స్ పెట్టి కెమెరాని అడ్డంగా పడితే, 2.5 మీటర్ల దూరంలో ఫ్రేమ్ ఎత్తు సుమారు 2.1 మీటర్లు. నిలబడ్డ మనిషి తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త చోటుతో సరిపోతారు. 1.5 మీటర్లకి వస్తే పట్టేది 1.3 మీటర్లే: మోకాళ్ల నుంచి తల దాకా. 35 ఎం.ఎం. లెన్స్‌తో మనిషి మొత్తం రావాలంటే 3 మీటర్లు కావాలి.

ఈ దూరాలు కాళ్లకి అలవాటు కావాలి. ఇంట్లో నేల మీద టేపుతో 1.5, 2.5, 4 మీటర్ల దగ్గర గీతలు పెట్టండి. ఒక చివర కుర్చీ ఉంచి, ఒక్కో గీత మీద నిలబడి కెమెరాలో చూడండి. తర్వాత బయటికి వెళ్లి ఏదైనా స్తంభాన్ని చూసి ఎన్ని మీటర్లో ముందు పైకి అనండి, అప్పుడు అడుగులు వేసి కొలవండి. పెద్దవాళ్ల అడుగు సుమారు 70 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటుంది. రోజుకి పది నిమిషాల చొప్పున వారం చేస్తే అంచనా అర మీటరు తేడాలోకి వస్తుంది. కింద చెప్పే పద్ధతికి అంత చాలు.

ఫోకస్‌ని ముందే పెట్టుకోవడం

ఆటో ఫోకస్ ఎంత వేగంగా పనిచేసినా జనం మధ్య మోసం చేస్తుంది. మీరు ముఖం అనుకున్నప్పుడు అది మధ్యలో అడ్డొచ్చిన భుజాన్ని పట్టుకుంటుంది, లేదంటే వెనకున్న బోర్డుని. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు చాలామంది జోన్ ఫోకస్ వాడతారు. ఫోకస్ ఒక దూరానికి బిగించేసి, మనిషి ఆ పరిధిలోకి వచ్చినప్పుడు నొక్కడమే ఇందులో ఉన్నది.

1. లెన్స్‌ని మాన్యువల్ ఫోకస్‌కి మార్చండి.
2. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 పెట్టండి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, స్పష్టంగా వచ్చే పరిధి పెరుగుతుంది.
3. లెన్స్ మీద దూరం గుర్తులుంటే 2.5 మీటర్ల దగ్గర ఆపండి. లేకపోతే టేపు గీసిన దూరంలో ఉన్న కుర్చీకి ఫోకస్ చేసి రింగ్ వదిలేయండి.
4. రింగ్ తేలిగ్గా తిరిగేదైతే చిన్న టేపు ముక్క అంటించండి. సంచిలోంచి తీసేటప్పుడు జరిగిపోవడమే ఈ పద్ధతిలో ఎక్కువగా జరిగే పొరపాటు.

28 ఎం.ఎం. లెన్స్‌కి ఇలా పెడితే సుమారు 1.4 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఏపీఎస్-సీ కెమెరాలో 23 ఎం.ఎం. లెన్స్‌కీ దాదాపు ఇదే పరిధి. 18 ఎం.ఎం. అయితే ఫోకస్‌ని 2 మీటర్ల దగ్గర పెట్టండి, మీటరు నుంచి దాదాపు కనుచూపు మేర దొరుకుతుంది. ఫుల్ ఫ్రేమ్ 35 ఎం.ఎం. మాత్రం అంత ఉదారంగా ఉండదు. 2.5 మీటర్ల దగ్గర పెడితే 1.7 నుంచి 4.8 వరకే వస్తుంది కాబట్టి 3 మీటర్లకి జరపండి, 1.9 నుంచి 7 మీటర్ల దాకా దక్కుతుంది. ఈ హద్దులు మామూలు సైజు ప్రింటుకి లెక్కగట్టినవి. స్క్రీన్ మీద వంద శాతం పెద్దది చేసి చూస్తే చివర్లు కొంచెం మెత్తగానే కనిపిస్తాయి.

వెనకంతా మసకగా ఉంటే అందమని ఎఫ్/2 పెట్టేవాళ్లున్నారు. అదే 28 ఎం.ఎం. లెన్స్‌కి ఎఫ్/2 దగ్గర స్పష్టంగా ఉండేది 2.1 నుంచి 3.1 మీటర్ల మధ్య, అంటే ఒక మీటరు మందం. నడిచే మనిషి దాన్ని సెకనులోపే దాటేస్తారు. పైగా వెనకున్న వీధి కరిగిపోతే ఆ మనిషి ఎక్కడున్నారో, ఏ పని మీద ఉన్నారో చెప్పేదంతా పోతుంది. వీధి ఫోటోలో వీధి ఉండాలి.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో ఇంకో చిక్కు ఉంది. కొన్ని లెన్సులు కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు ఫోకస్ దూరాన్ని మర్చిపోతాయి. ఆన్ చేసిన ప్రతిసారీ స్క్రీన్ మీద దూరం స్కేలు ఒకసారి చూసుకోండి. ఫోన్‌లో సెన్సర్ చిన్నది కాబట్టి పరిధి దానంతటదే పెద్దగా ఉంటుంది. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేసి, తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుతురు మోతాదు) లాక్ చేసుకుంటే సరిపోతుంది.

షట్టర్ 1/500

షట్టర్ వేగం అంటే వెలుతురు సెన్సర్ మీద పడే సమయం, 1/500 అంటే సెకనులో ఐదొందలో వంతు. నడిచే మనిషి సెకనుకి సుమారు 1.4 మీటర్లు వెళ్తారు. 1/60 సెకనులో అది 23 మిల్లీమీటర్లు, 1/500లో 3 మిల్లీమీటర్ల లోపు. ఊగే చెయ్యి, ముందుకు పడే పాదం ఒంటికన్నా ఇంకా వేగంగా కదులుతాయి. మీ ముందు అడ్డంగా దాటే మనిషి 3 మీటర్లలో ఉంటే 1/500 దగ్గర బొమ్మ నిలుస్తుంది, 1/250 దగ్గర చేతులు కాస్త చెదురుతాయి, 1/60 దగ్గర మనిషే చెదిరిపోతారు. ఎదురుగా వచ్చేవాళ్లకి, కూర్చున్నవాళ్లకి 1/250 చాలు.

ఐఎస్‌ఓని (కెమెరా వెలుతురుకి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోకి వదిలేసి పై హద్దు 6400 పెట్టండి. ఎఫ్/8, 1/500 దగ్గర నిండు ఎండలో ఐఎస్‌ఓ 125 చుట్టూ ఉంటుంది, పైన ఆకాశం కనిపించే నీడలో 1000 చుట్టూ. అంటే పొద్దున నుంచి సాయంత్రం దాకా ఏ బటనూ ముట్టుకోనక్కర్లేదు, కళ్లు మనుషుల మీదే పెట్టొచ్చు. దీపాలు వెలిగాక ఎఫ్/4, 1/250కి రండి. పరిధి 1.8 నుంచి 4 మీటర్లకి తగ్గుతుంది కాబట్టి అప్పుడు దూరం మరింత కచ్చితంగా అంచనా వేయాలి. ఫోన్ అయితే రాత్రి మోడ్ ఆపేయండి. అది ఎక్కువసేపు వెలుతురు పోగుచేసి ఫ్రేములు కలుపుతుంది, నడిచేవాళ్లు దయ్యాల్లా చెరిగిపోతారు.

కెమెరా మోసపోయే సందర్భం ఒకటి తప్పక ఎదురవుతుంది. సగం వీధి ఎండలో, సగం చీకటి నీడలో ఉన్నప్పుడు అది నీడని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, ఎండలో ఉన్న ముఖం తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకన్నా వెలుతురు తగ్గించే, పెంచే సెట్టింగ్) మైనస్ 1 పెట్టండి. రా ఫైల్లో (సెన్సర్ నమోదు చేసినదంతా ఉంచే ఫైల్) నీడల్ని కొంతవరకు పైకి లాగొచ్చు గానీ, మాడిన తెలుపులో ఏమీ మిగిలి ఉండదు.

బయల్దేరేముందు శబ్దాలన్నీ ఆపండి. ఫోకస్‌కి సాయంగా వెలిగే చిన్న లైటు కూడా. మెడలో పట్టీ కన్నా మణికట్టు పట్టీ నయం: కెమెరా చేతిలోనే ఉంటుంది, ఎత్తడానికి ఒక్క కదలిక చాలు.

ముందు చోటు, తర్వాత మనిషి

మనుషుల వెంట పడితే వీపులే దొరుకుతాయి. చోటు చూసుకుని ఆగితే మనుషులే ముఖంతో ఎదురొస్తారు.

ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రెండు భవనాల సందులోంచి నేల మీద పడే వెలుగు పట్టీ ఒకటి వెతకండి. దాని వెనక చీకటి గోడో, నీడలో ఉన్న దుకాణమో ఉండాలి. ఆ పట్టీ నుంచి 2.5 మీటర్ల దూరంలో నిలబడి, ఎవరూ లేని ఫ్రేమ్ ఒకటి తీసి చూసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడే అంచులు శుభ్రంగా ఉన్నాయా? తల వచ్చే ఎత్తులో కరెంటు స్తంభమో, బోర్డు అంచో అడ్డంగా ఉందా? ఉంటే ఒక అడుగు పక్కకి జరగండి లేదా మోకాళ్లు వంచండి. చోటు కుదిరాక ఇరవై నిమిషాలు కదలొద్దు. మొదటి ఐదు నిమిషాలు అందరూ మిమ్మల్ని చూస్తారు, ఆ తర్వాత మీరూ ఆ చోట ఒక భాగమైపోతారు.

మనిషి వెలుగులోకి వచ్చాక ఒక్కటి కాదు, మూడు నుంచి ఐదు ఫ్రేములు తీయండి. నడకలో రెండు కాళ్లు బాగా విడిపోయిన క్షణం బొమ్మకి చురుకునిస్తుంది. కాళ్లు ఒకదాని వెనక ఒకటి దాగినప్పుడు తీస్తే మనిషి ఒంటికాలి మీద నిలబడ్డట్టు కనిపిస్తారు. ఇద్దరు ముగ్గురు ఉంటే వాళ్ల మధ్య కొంచెమైనా వెలుతురు కనిపించేదాకా ఆగండి. ఒకరి తల ఇంకొకరి భుజానికి అతుక్కుంటే కళ్లకి ఇద్దరూ ఒకే మచ్చ.

ముఖాలకన్నా చేతుల్ని గమనించండి. సంచి పట్టీని బిగించి పట్టుకున్న చెయ్యి, మాట మధ్యలో గాల్లో ఆగిపోయిన వేళ్లు, నిద్రపోతున్న బిడ్డ వీపు మీద తడుతున్న అరచెయ్యి. ముఖం కెమెరాని చూసి సర్దుకుంటుంది. చేతులకి ఆ తెలివి తక్కువ.

తీసిన ప్రతిసారీ స్క్రీన్ వైపు తల దించకండి. ఆ రెండు సెకన్లలోనే అసలైనది దాటిపోతుంది.

ఎదుటి మనిషితో

కెమెరాని దాచి తీయొద్దు. చాటుగా తీస్తూ పట్టుబడితే, ఆ మనిషి కోపంలో న్యాయం ఉంటుంది. కెమెరా ఛాతీ దగ్గర అందరికీ కనిపించేలా పట్టుకోండి, మామూలు వేగంతో ఎత్తండి, తీయండి. కళ్లు కలిస్తే చిన్నగా నవ్వి తల ఊపండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. హడావుడిగా కెమెరా దించి ముఖం తిప్పేసుకుంటే మాత్రం ఏమీ లేనిచోట కూడా అనుమానం పుడుతుంది.

ఎవరైనా వచ్చి ఎందుకు తీశారని అడిగితే నిజం చెప్పండి: ఈ వెలుతురులో మీరు నడిచి వస్తుంటే బాగుందనిపించి తీశాను. ఫోటో చూపించండి. తీసేయమంటే వాదించకుండా వాళ్ల కళ్ల ముందే తీసేయండి. చట్టం మీ వైపు ఉన్నా సరే. ఇష్టంలేని మనిషి ముఖం ఉంచుకుని మీరు సాధించేది ఏమీ లేదు. స్పృహ తప్పినవాళ్లని, దుఃఖంలో ఉన్నవాళ్లని, వీధినే ఇల్లు చేసుకుని పడుకున్నవాళ్లని తీయకండి. వద్దని చెప్పే స్థితిలో వాళ్లు లేరు. పిల్లలైతే పక్కనున్న పెద్దల్ని అడగండి.

బహిరంగ స్థలంలో ఫోటోల గురించి చట్టం దేశానికో తీరుగా ఉంటుంది. తీయడానికి అనుమతి ఉన్నచోట కూడా ప్రచురించడానికో ప్రకటనకి వాడటానికో వేరే నియమం ఉండొచ్చు. మీరున్నచోటి నియమం ముందే చదివి పెట్టుకోండి.

దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాలకపోతే మెట్లు మెట్లుగా వెళ్లండి. మొదటి వారం 4 మీటర్లు, రెండో వారం 3, మూడో వారం 2.5. ఊరేగింపులు, సంతల్లాంటి చోట్ల మొదలుపెడితే తేలిక. అక్కడ కెమెరాలు అందరూ ఎదురుచూసేవే.

దగ్గర ఒక్కటే సరైనదా?

కాదు. అమెరికా ఫోటోగ్రాఫర్ బ్రూస్ గిల్డెన్ న్యూయార్క్ వీధుల్లో చేతిలో ఫ్లాష్ పట్టుకుని మనుషుల ముఖం మీదకే వెళ్లి తీశారు. అదే నగరంలో సాల్ లీటర్ (1923–2013) తడిసిన అద్దాల వెనక నుంచి, తెరల సందుల్లోంచి, తరచూ పొడవైన లెన్సులతో తీశారు. ఒకరి ఫోటోలో ఢీకొన్నట్టుంటుంది, ఇంకొకరి ఫోటోలో వానలో ఎవరినో తలచుకున్నట్టుంటుంది. ఇద్దరిదీ ఎంచుకున్న దూరం. లీటర్ ఫోటోల్లో మనిషికీ మనకీ మధ్య ఉన్న అద్దం, ఆవిరి, రంగు, అవే ఫోటో నిండా ఉంటాయి. భయంతో దూరం నుంచి తీసిన ఫోటోలో ఆ మధ్య చోటంతా ఖాళీగా ఉంటుంది. మీది ఏదో తెలుసుకోవడానికి ఇది మంచి పరీక్ష: దూరం నుంచి తీసినప్పుడు మధ్యలో ఉన్నదేమిటో ఒక్క మాటలో చెప్పగలరా? చెప్పలేకపోతే ముందుకి నడవండి.

మీరే ఫ్రేమ్‌లో

పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ (1926–2009) వీధి ఫోటోలతో పాటు తన నీడనీ, దుకాణాల అద్దాల్లో తన రూపాన్నీ ఎన్నోసార్లు తీసుకున్నారు. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసే రోలీఫ్లెక్స్ కెమెరా ఆ ఫోటోల్లోనే కనిపిస్తుంది. వీధిలో మిమ్మల్ని మీరు చూపించుకోవడానికి ఇంతకన్నా సూటి దారి లేదు.

అద్దంలో ప్రతిబింబం తీసేటప్పుడు ఫోకస్ దగ్గర అందరూ తప్పుతారు. ఫోకస్ దూరం అద్దం దాకా కాదు. మీ నుంచి అద్దానికి, అద్దం నుంచి ఆ వస్తువుకి ఉన్న రెండు దూరాలూ కలపాలి. అద్దానికి మీటరు దూరంలో నిలబడి మిమ్మల్ని మీరు తీసుకుంటే ఫోకస్ 2 మీటర్ల దగ్గర ఉండాలి. మీ వెనక 3 మీటర్లలో నడుస్తున్న మనిషి స్పష్టంగా రావాలంటే 5 మీటర్లు. దుకాణం లోపల చీకటిగా, బయట ఎండగా ఉంటే ప్రతిబింబం గట్టిగా పడుతుంది. రెండూ కలిసి కావాలంటే ఎండలో నిలబడి అద్దానికి అంటుకునేలా దగ్గరికి జరగండి: మీ నీడ పడినంత మేర లోపలున్న మనుషులు కనిపిస్తారు, మిగతా చోట వీధి కనిపిస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, ప్రతిబింబాన్ని చంపేయడమే దాని పని.

నీడకైతే ఎండ మీ వెనక, ఆకాశంలో కిందుగా ఉండాలి. మీ తల నీడ ఎవరి పాదాల దగ్గరో, ఏ గోడ మీదో పడేదాకా నడవండి. తీసేముందు మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, లేకపోతే కెమెరా ఎత్తిన చేతుల నీడ తలకి కొమ్ముల్లా వస్తుంది.

ఏది ఉంచాలి

అమెరికా వీధి ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తాను తీసిన ఫిల్మ్‌ని వెంటనే డెవలప్ చేయకుండా ఏడాదో రెండేళ్లో ఆపేవారు. తీసిన రోజు పొందిన ఆనందం ఫోటోని మంచిదనిపించేలా చేస్తుందని ఆయనకి తెలుసు. 1984లో చనిపోయేనాటికి డెవలప్ కాని రోల్స్ సుమారు 2,500 మిగిలాయి. అంత ఆగనక్కర్లేదు గానీ, రెండు వారాలైనా ఫోల్డర్ తెరవకుండా ఉండండి.

తెరిచాక మొదటిసారి బొటనవేలి గోరంత సైజులోనే చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా ఆకారం నిలిచే ఫోటోలకే గుర్తు పెట్టండి. రెండోసారి పెద్దవి చేసి అంచులు, చేతులు, ఫోకస్ చూడండి. వాటిలో ఓ ముప్పైని 10×15 సెంటీమీటర్ల చవక ప్రింట్లు వేయించి నేల మీద పరవండి. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి చూసేటప్పుడు తెలియనిది, అన్నీ ఒకేసారి కళ్లబడితే తెలుస్తుంది.

ఇప్పుడు వాటిని విషయాన్ని బట్టి కాకుండా దూరాన్ని బట్టి వరస పెట్టండి: దగ్గరివి ఎడమకి, దూరంవి కుడికి. ఒకచోట కుప్ప పడుతుంది. ఆ కుప్పలో మనుషులు ఏం చేస్తున్నారో చూడండి. ఎదురుచూస్తున్నారా, మోస్తున్నారా, ఒంటరిగా ఉన్నారా, ఒకరినొకరు తాకుతున్నారా? తీసేటప్పుడు మీరు అనుకోనిది అక్కడ మళ్లీ మళ్లీ కనిపిస్తే, వచ్చే నెల దానికోసమే బయటికి వెళ్లండి. ఆ దూరం, ఆ పని, ఆ వెలుతురు. కుప్ప ఎక్కడా పడకపోతే ఇంకో నెల అదే లెన్స్‌తో తిరగాలి. లెన్స్ మార్చాలనిపించేది సరిగ్గా అప్పుడే, మార్చకండి.

ఎడిటింగ్‌కి ఒక్కో ఫోటోకి ఐదు నిమిషాలు మించనివ్వొద్దు. ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్, వంకర సరిచేయడం, అంతే. రంగు వల్ల ఫోటోకి ఏ మేలూ లేకపోతే, అంటే ఎరుపూ పసుపూ కళ్లని మనిషి నుంచి పక్కకి లాగుతుంటే, నలుపు తెలుపు చేయండి. అందం తక్కువైందని చేయకండి. అడ్డొచ్చిన మనిషినో స్తంభాన్నో చెరిపేయకండి, ఆ క్షణం ఆ వీధిలో అది ఉంది. క్రాప్ చేయాల్సి వస్తే ఎంత చేశారో రాసుకోండి. పది ఫోటోల్లో ఏడింటికి సగం కోసేశారంటే, మీరు ఇంకా అడుగున్నర వెనకే నిలబడుతున్నారు.